చూరు కింద నిలబడ్డ స్టూడెంటు

"అమ్మమ్మా, నువ్వు ఆ వానల ఊరికి పోయినప్పుడు నిన్ను ఎవరు పంపిన్రు?"

ఎవలు పంపిన్రా? ముందుగాల నువ్వు లోపలికి రా. వచ్చినప్పటి సంది సూస్తున్న, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పైన పోర్షన్ల ఉండే పిల్లవు, నా చేతి సర్వపిండి తినుకుంట పెరిగినవ్, నిన్ను గూడ బొట్టు పెట్టి పిలవాల్నా? రా. ఆ కుర్చీ మీది బట్టలు మంచం మీద ఎయ్యి, కూసో. ఫ్యాన్ పెద్దగ పెట్టకు, నాకు మెడలు గుంజుతయ్. ఏందది, ఫోన్ల రికార్డు పెడ్తున్నవా? పెట్టు పెట్టు, మంచిదే. మీ నాయినకు గూడ ఇనిపియ్యి.

నాకెరికే మౌనీ నువ్వెందుకు అడిగినవో. మీ కాలేజోళ్లు గా ఈశాన్యం దిక్కు కొండలల్లకు తోల్కపోతున్నరు. నెల రోజులు అడివిల ఊర్లె ఉండాలె, చెట్టూ చేమా సదవాలె. వస్తవో రావో రేపు పొద్దుగాల చెప్పాలె. మీ నాయిన యాదగిరేమో, పేరు పెట్టి అంటున్న అనుకోకు, నా ముందల పిలగాడే వాడు, అవుననడు, కాదనడు. పొద్దుగాల చాయ్ తాగుతడు, టిఫిన్ డబ్బ పట్టుకుంటడు, నాచారం కంపెనీకి పోతడు, మాపటికి వస్తడు, టీవీ పెడ్తడు. నువ్వేమో ఆయన మొకం దిక్కు సూసుకుంట వారం సంది ఇంట్ల తిరుగుతున్నవ్. మీ అమ్మ నిన్న నల్లా కాడ అంత చెప్పింది నాకు. ఇప్పుడు ఆయన డ్యూటీ నుంచి వచ్చే యాలయింది. వచ్చేలోపు నేనొక ముచ్చట చెప్త. మధ్యల లేవకు, నాకు తొవ్వ తప్పుతది.

నన్ను ఎవలూ పంపలే బిడ్డా. నేనే పోయిన. అప్పటికి నాకు అరవై దగ్గర పడ్డయ్. గప్పుడు ఉప్పల్ల మెట్రో పిల్లర్లు ఇంక లేస్తుండె, రోడ్డంత దుమ్ము, ఈడికెల్లి సికింద్రాబాద్ పోవాలంటె సగం పొద్దు పోయేది. స్టూడెంటుగ పోయిన. నవ్వకు! చేతిల స్టూడెంటు కార్డు ఉండె నాకు, ఫోటోల తెల్ల ఎంటికలతోని.

అసలు నేను జనగామ దిక్కు నుంచి పెండ్లయి ఈ నాచారం దిక్కు వచ్చినప్పుడు ఏడో తరగతి ఫెయిలు. ఫెయిలు గాదు లే, పరీక్ష రాయనియ్యలే, అది వేరే ముచ్చట. మా ఆయన దారం మిల్లుల. నేను మందుల కంపెనీల ప్యాకింగు, గోలీల పట్టీలు డబ్బాలల్ల పెట్టుడు. కాని నా అసలు డ్యూటీ అది గాదు. నీళ్లు! నీళ్లు తెచ్చుడు నా డ్యూటీ. అప్పట్ల ఈ చిల్కానగర్ల ఇంటింటికి నల్లా ఏడున్నది? ట్యాంకర్ వచ్చేది. హారన్ ఇనవడ్డదంటె పొయ్యి మీద కూర మాడితె మాడనీ అని బిందెలు పట్టుకోని ఉరుకుడే. ఏం లొల్లి, ఏం లొల్లి! పక్కింటి పెంటమ్మ కొప్పు పట్టుకున్న ఒకసారి. మల్ల అదే పెంటమ్మ నా రమేషు పుట్టినప్పుడు నాకు పత్యం వండి పెట్టింది, ఆమె కడుపు సల్లగుండ. సికింద్రాబాదుకు బస్సు టికెట్టు రూపాయి లోపే ఉండె అప్పుడు, కాని బిందెడు నీళ్లకు మాత్రం ఇజ్జత్ తీసి పక్కన పెట్టాల్సి వచ్చేది.

ఏడున్న? ఆఁ, సదువు. మా ఆయన పోయిండు. రమేషు పెండ్లయి, ఏఎస్ రావు నగర్ల ఇల్లు తీసుకున్నడు. నల్లా గూడ ఇంట్లకే వచ్చింది. ఇగ నా చేతులు ఖాళీ. పొద్దు పోకుండె. ఓపెన్ స్కూల్ల పది రాసిన. పాసైన. ఇంటర్ రాసిన. డిగ్రీ దూరవిద్యల. ఐతారం ఐతారం క్లాసులు ఉంటుండె, పక్కన కూసున్న పోరగాండ్లు నన్ను సారువాళ్ల అమ్మ అనుకోని లేచి జాగ ఇచ్చేటోళ్లు. ఆఖరికి ఎమ్మే సోషాలజీ. దాంట్ల ప్రాజెక్టు ఉంటది, మనది గాని ఊర్లె పోయి ఉండి, వాళ్లెట్ల బతుకుతున్నరో సూసి రాయాలె. మా క్లాసోళ్లు చెంగిచెర్ల పోయిన్రు, ఘట్‌కేసర్ పోయిన్రు. పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొచ్చేటట్టు. "బాలమణి గారూ, మీరు యాడ జేస్తరు?" అని మేడం అడిగింది. నేనన్న, "మేడం, వాన ఆగని ఊరు ఏదన్న ఉన్నదా?"

ఎందుకన్ననో తెల్సా? జన్మంత నీళ్ల ఎనుక ఉరికినదాన్ని. నీళ్లే మనుషుల ఎనుక ఉరికొచ్చే ఊరు ఒక్కటన్న ఈ కండ్లతోని సూడాలె అని కడుపుల ఉండె. గంతే. ఎవలకు చెప్పలే అది.

ఆ మేడం నవ్వలే. ఆమె కాడ సదువుకున్న పిలగాడు ఒకడు, ఇప్పుడు నువ్వు పోత అంటున్న ఆ కొండలల్లనే బడి సారు. ఆయనకు ఫోన్ జేసింది. ఊర్లె ఒక ముసలామె ఒక్కతే ఉంటది, కొడుకు లారీ నడుపుతడు, ఇంట్ల జాగ ఉన్నది, స్టూడెంటు వస్తె ఆమె ఇంట్ల ఉండొచ్చు అన్నడు. స్టూడెంటు అన్నరు గాని, ఎంత వయసు స్టూడెంటో మేడం చెప్పలే, ఆయన అడగలే. గది యాది పెట్టుకో.

ఇగ మా రమేషు. అమ్మో, వాని లొల్లి! "నీకేమన్న అయితె నలుగురు నా మొకాన ఊంచుతరు" అన్నడు. "చెంగిచెర్లనే రాసెయ్, ఎవలు సూస్తరు" అన్నడు. నాతోని మాట్లాడుడు బంద్ బెట్టిండు. నేను బ్యాగు సదురుకున్న. మా కోడలు మాత్రం సప్పుడు జేయకుండ దాంట్ల మోకాళ్ల నొప్పుల మందు, ఒక స్వెట్టరు పెట్టింది. రైలు కాడ వాడు ఆఖరి మాట అన్నడు. "అమ్మా, ఆడ నీకు ఉండుటానికి ఇల్లు దొరకకుంటె, దింపిన జీపుల్నే తిరిగి రావాలె. వచ్చినంక ఇగ ఈ సదువు ముచ్చట ఎత్తొద్దు. నా మీద ఒట్టు." నేను వాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన. మాట అయినంక అనిపిచ్చె, అయ్యో, ఎంత పని జేసిన అని. ప్రాజెక్టు లేకుంటె ఎమ్మే లేదు. ఆ జీపు తిరిగి ఎక్కిననంటె ఏండ్లకేండ్లు సదివిందంత మన్నుల కలిసినట్టే. కొడుకు నెత్తి మీద ఒట్టు ఎట్ల తప్పుత?

నా సంగతి ఇంకొకటి చెప్పాలె, లేకుంటె నీకు సమజ్ గాదు. నేను పిలవంది ఒకల గడప తొక్క. మా ఆడిబిడ్డ కొడుకు పెండ్లికి ఫోన్ల చెప్పిన్రు, ఇంటికొచ్చి బొట్టు పెట్టలే. పోలే నేను! చుట్టాలంత పోయిన్రు, నేను ఇంట్ల పప్పుచారు కాసుకోని తిన్న. మా అమ్మ గట్ల పెంచింది మమ్ముల. రమ్మంటె పోవాలె, కూసోమంటె కూసోవాలె. ఒక్క సావింటికే ఈ పిలుపుల లెక్క లేదు. ఎవలింట్లనన్న ఏడుపు ఇనవడ్డదంటె ఉన్నకాడికెల్లి కొంగు నడుముకు సుట్టి ఉరుకుడే. ఆడ ఎవలు రమ్మంటరు, ఎవలు కూసోమంటరు?

రైల్ల నడుములు పడిపోయినయ్, ఇడిసిపెట్టు. రైలు దిగి బస్సు, బస్సు దిగి జీపు. జీపు ఎక్కుతనే ఉన్నది, ఎక్కుతనే ఉన్నది, ఒక కాడ సూస్తె మొగులు మన కింద ఉన్నది. నాకు బుగులైంది. అడివంటె మనకేం తెలుసు, తుమ్మలు, మోదుగులు. ఆడ చెట్టు మొదలు ఈ అర్రల పట్టది. దానికి నాచు, నాచుల గడ్డి, గడ్డిల తెల్లటి పువ్వులు, చెట్టు మీద ఇంకో చెట్టు మొలిచి ఉన్నది. పోకచెట్లకు మిరియాల తీగలు ఎగబాకినయ్. పురుగుల సప్పుడు ఎట్లున్నదంటె డ్రైవరు మాట ఇనవడక వాడు ఒర్రుకుంట మాట్లాడిండు. ఊరి పేరు అడుగుతవేమో, నా నోటికి ఇప్పటికీ సక్కగ తిరుగది. తప్పు పలుకుతె వాళ్లకు మర్యాద గాదు.

డ్రైవరు ఒక ఇంటి ముందల దించిండు. ఇదే అన్నడు. "బడి సారు వస్తనన్నడు గద?" అన్న. "సారు భార్యకు నొప్పులొచ్చినయ్, దవాఖానకు కింద టౌనుకు తీస్కపోయిండు, రేపొస్తడు" అన్నడు. వాడు ఊరి మీది కొసకు పోయి పోకలు, చీపురుగడ్డి నింపుకోని మల్ల ఇటే దిగుతడట. "హారన్ కొడ్త, వస్తవో ఉంటవో అప్పుడు చెప్పు, ఇయ్యాల ఇగ వేరే బండి లేదు" అన్నడు. నా హైదరాబాదు హిందీ వానికి, వాని హిందీ నాకు, ఎట్లనో ఎక్కింది. పోయిండు. నేను, నా బ్యాగు, వాన.

తలుపు బార్ల తెరిచి ఉన్నది. లోపల పొయ్యి మండుతున్నది. పొయ్యి మీద అటక, అటక మీద ఎండు చేపలు. పొయ్యి కాడ ఒక ముసలామె కూసున్నది, నాకంటె పెద్దది. నన్ను సూసింది. నేను దండం పెట్టిన. ఆమె అట్లనే సూసింది, సూసి మొకం అటు తిప్పుకున్నది. రా అనలే.

ఏదో పనిల ఉన్నదేమో, పిలుస్తది లే అనుకున్న. చూరు కింద నిలబడ్డ. చూరు నీళ్లు ధార గట్టి నా ఈపు మీదనే పడ్తున్నయ్. గొడుగు ఏం జేస్తది, మొదటి గాలికే తిరగబడ్డది. తొవ్వల పోయే ఆడోళ్లు నన్ను సూసి ఆగుతున్నరు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని ఎదురింట్లకు జల్ది జల్ది పోతున్నరు. ఆ ఎదురిల్లు జనంతోని నిండుతున్నది. అందరు నా దిక్కే సూసుడు, ఒక్కరు గూడ మాట్లాడరు. గప్పుడు నా కాలుకు జలగ పట్టింది. సల్లగ, మెత్తగ. వంగి తీద్దామంటె గంతమంది సూస్తున్నరు, ఇజ్జత్ పోతది. పీల్చుకోవే అని నిలబడ్డ. మన ఉప్పల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ అని పిల్లర్లు లేపి ఇడిసిపెట్టిన్రు సూడు, గట్ల నిలబడ్డ.

నాకు కోపం ఎట్ల లేసిందంటె! గింత దూరం వచ్చిన మనిషిని కూసోమనరా? మంచినీళ్లు గావాల్నా అని అడగరా? మన దిక్కు కరెంటు బిల్లు కొట్టేటోడు వచ్చినా చాయ్ తాగుతవా అంటం. గంతల మీదికెల్లి హారన్ ఇనవడ్డది. జీపు దిగుతున్నది.

రమేషు మొకం కండ్ల ముందలకొచ్చింది. "చెప్పిన గదనే అమ్మా" అంటడు. కోపంగ గూడ అనడు, నిమ్మలంగ అంటడు, అదింక మంట. లేదు, నేను పొయ్యేది లేదు అనుకున్న. ఇల్లు దొరకకుంటె రమ్మన్నడు. ఇల్లు ఉన్నది, తలుపు తెరిచి ఉన్నది. దొరకలేదని ఎట్ల అంట? కాని పిలవంది లోపలికి ఎట్ల పోత? కాలు లేస్తలేదు బిడ్డా. ఒట్టు సంగతి ఒక దిక్కు, మా అమ్మ పెంపకం ఒక దిక్కు. మల్ల హారన్. ఈసారి దగ్గర్ల.

గప్పుడు ఇనవడ్డది నాకు. వాన సప్పుడుల అప్పటిదాక తెలియలే. లోపల ఏడుపు. ఒర్రుకుంట ఏడ్సుడు గాదు, నోట్ల బట్ట కుక్కుకోని ఏడుస్తరు సూడు, గది.

ఇగ నాకు సోయి లేదు. ఏ ఊరు, ఎవలామె, రమ్మన్నదా లేదా, ఏదీ యాది లేదు. ఏడ్సే ఇంటికి పిలుపేంది? చెప్పులు ఇడిసిన, బ్యాగు వానలనే ఇడిసిన, సీదా లోపలికి పోయిన. పొయ్యి కాడ ఆమె పక్కన కూలబడ్డ. చెయ్యి పట్టుకున్న. "ఏమైంది అవ్వా, ఎందుకేడుస్తున్నవ్?" అన్న, తెలుగుల్నే.

ఆమె నా మొకం సూసింది. నేను కూసున్న తీరు సూసింది. నా దిక్కు, పొయ్యి దిక్కు, మల్ల నా దిక్కు. ఏడుపు గక్కడికక్కడ ఆగింది. ఆగి, నా బుజం మీద ఒక్కటేసింది సూడు, ఫట్ మని! మల్ల ఏడ్సింది. మల్ల నవ్వింది. నవ్వుకుంటనే పొయ్యిలకెల్లి ఇంత బూడిద తీసి నా కాలు మీది జలగ మీద సల్లింది. ఎదురింటి ఆడోళ్లంత ఉరికొచ్చి పొయ్యి సుట్టు కూసున్నరు. అందరు నవ్వుడే. నేను బిత్తరపోయి సూస్తున్న, వీళ్లకేమన్న పిచ్చా అని.

జీపు వచ్చి ఇంటి ముందల ఆగింది. డ్రైవరు తల లోపలికి పెట్టి "చల్తే క్యా అమ్మా?" అన్నడు. ఆడోళ్లు వాన్ని ఏదో అడిగిన్రు, వాడు నన్ను చూపిచ్చుకుంట స్టూడెంట్ అన్నడు. అవ్వో, ఇగ వాళ్ల నవ్వు! ముసలామె నా ఎంటిక ఒకటి పట్టి గుంజి సూసింది, తెల్లదేనా, ఏమన్న పూసుకొచ్చిందా అని. తర్వాత ఆమె ఏం జేసింది? ఉండు అనలే. కూసో అనలే. గిన్నె కడిగింది, దాంట్ల చాయ్ పోసింది, నా ముందల పెట్టింది. నేను గిన్నె చేతులకు తీస్కోని, డ్రైవర్‌కు రమేషు నంబరు ఇచ్చి చెప్పిన, "నక్కో బాబా, తుమ్ జావ్. మా కొడుక్కు ఫోన్ జెయ్యి, ఘర్ మిల్ గయా, ఇల్లు దొరికింది అని చెప్పు." జీపు పోయింది. నేను చాయ్ తాగిన. ఉప్పేసిన చాయ్. గంత మంచి చాయ్ నేను ఇంతవరకు తాగలే.

తెల్లారి బడి సారు వచ్చి అంత ఇప్పి చెప్పిండు. ఆ ఊర్లె ఎవల్నీ రా, కూసో అనరట. అంటె నువ్వు పరాయిదానివి అని మొకం మీద అన్నట్టు. ఎవలొచ్చినా సీదా పొయ్యి కాడికి వచ్చి కూసోవాలె. మరి చూరు కింద నిలబడి లోపలికి రానిది ఎవలు? సావు కబురు తెచ్చినోళ్లు. వాళ్లు ఆ ఇంటి పొయ్యి కాడికి రారు. ఇంటోళ్లే బయటికి పోయి ఇనాలె. స్టూడెంటు వస్తదంటె ఆమె నీ అసొంటి పిల్ల వస్తదనుకున్నది. తెల్ల ఎంటికల ముసల్ది వచ్చి చూరు కింద నిలబడ్డది. ఆమె కొడుకు లారీ మీద పోయి చాన దినాలైంది...

ఆగు. బండి సప్పుడు. ఖడ్ ఖడ్ మన్నదంటె మీ నాయిన బండే, ఈ గల్లీల గంత పాత బండి ఇంకెవలకు లేదు. ఆఁ, ఆపిండు. మరి మెట్లెక్కుతలేడేంది? అగో, పరదా కింద చెప్పులు కానొస్తున్నయ్. నా తలుపు కాడ నిలబడ్డడు. నువ్వు తిరగకు. రికార్డు ఆపకు. నేను జర గట్టిగ చెప్త, నాకు చెవుడొచ్చిందనుకో.

నేను సారును అడిగిన బిడ్డా, "మరి ఆమె బయటికి వచ్చి అడగొచ్చు గద, గంతసేపు పొయ్యి కాడ కూసోని ఏడ్సుడెందుకు?" అని. సారు ఆమెను అడిగి చెప్పిండు. ఆమె ఏమన్నదంటె, "బయటికి పోతె ఇనాల్సి వస్తది. ఇననంతసేపు నా కొడుకు బతికున్నట్టే గద" అన్నదట. గామాట ఇన్నంక నేను ఆమె కాళ్లు పట్టుకున్న. వానల తడిసుకుంట నేను బయట, పానం అరచేతిల పెట్టుకోని ఆమె లోపల. ఇద్దరి మధ్యల తెరిచిన తలుపు.

నెల ఉన్న ఆడ. ఆమె ఎనుక అడివంత తిరిగిన. ఇంకొక ముచ్చట చెప్తె నవ్వుతవ్, గంత వాన పడే ఊర్లె ఎండల కాలం ఆడోళ్లు ఊటల కాడ బిందెలు పెట్టి లైన్ కడ్తరట! పడ్డ వానంత కొండ దిగి ఉరుకుతది, నిలబడదు. ఆడ గూడ కొప్పులు పట్టుకునుడే. నేను కడుపు పట్టుకోని నవ్విన, మల్ల ఏడ్సిన. నా ప్రాజెక్టు గదే రాసిన. సెకండ్ క్లాసుల పాసైన, రమేషు గల్లీ అంత స్వీట్లు పంచిండు, సిగ్గు లేనోడు. అగో, ఆ గోడకు తాబేలు చిప్ప లెక్క ఏలాడుతున్నది సూడు, నువ్వు చిన్నప్పుడు ఈపుకు పెట్టుకోని ఇంట్ల పాకుతుంటివి. వాళ్లు వెదురుతోని, ఆకులతోని అల్లుతరు, వానల దాన్ని నెత్తి నుంచి నడుము దాక ఏసుకోని పని జేస్కుంటరు. చేతులు ఖాళీ ఉంటయ్. ఆమెనే అల్లి ఇచ్చింది.

ఆమె కొడుకు గూడ వచ్చిండు నేనున్నప్పుడే. ఎత్తు మనిషి. లారీ ఆపి, సీదా లోపలికి వచ్చి పొయ్యి కాడ కూసున్నడు. ఆమె రా అనలే, ఎప్పుడొచ్చినవ్ అనలే. చాయ్ పోసింది. గిన్నె నిండి పొర్లినా పోస్తనే ఉన్నది, అది నేను సూసిన.

ఇప్పుడు నీ ముచ్చట. వారం సంది నువ్వు మీ నాయినను ఎందుకు అడుగుతలేవో చెప్పాల్నా? అడిగితె వద్దంటడేమో అని. అడగనంతసేపు పోయినట్టే ఉంటది మనసుల. ఆయన ఎందుకు మాట్లాడుతలేడు? నోరు తెరిస్తె సరే అనాల్సి వస్తదని. సరే అంటె నువ్వు రైలెక్కుతవ్. ఆయనకు బుగులు బిడ్డా. తప్పేమున్నది? కన్నోడు. నా రమేషుకు లేకుండెనా? కొడుక్కే తల్లి మీద గంత ఉంటె, తండ్రికి బిడ్డ మీద ఎంత ఉండాలె? కాని ఎన్ని దినాలు నిలబడ్తరు ఇట్ల, ఆయన ఒక దిక్కు, నువ్వు ఒక దిక్కు? నువ్వే ఆయన కాడికి పోవాలె మౌనీ. బతిమాలకు, ఏడ్వకు, లొల్లి పెట్టకు. పక్కన కూసో, చెయ్యి పట్టుకో, నాయినా నేను పోత అని చెప్పు. గంతే. నిన్ను రమ్మని ఎవలూ పిలవరు. ఆడోళ్లను సదువుకు ఎవలు బొట్టు పెట్టి పిలిచిన్రే?

యాదగిరీ! నువ్వు ఆడ నిలబడ్డది నాకు కానొస్తున్నది. నేను రా అనను. ఇన్నేండ్లు నా ఇంటి మీద ఉన్నవ్, ఈ ఇల్లు నీకు పరాయిదైతె ఆడ్నే నిలబడు. కాదనుకుంటె నువ్వే రా.

...ఆఁ. వచ్చిండు. కూసోవేందిరా, ఆ గోడ కాడికి పోతున్నవేంది? పైలం, పైలం, ఆ వెదురు చిప్ప మొలకు తగిలిచ్చి ఉన్నది. దుమ్ము రాల్తది, జర దులుపు. ఏమంటున్నవ్? గట్టిగ అను, నీ బిడ్డ గూడ ఇనాలె.

"ఇది రైల్ల పడ్తదా పెద్దమ్మా?"

పడ్తదిరా అయ్యా, పడ్తది! ఆడికెల్లి ఈడ దాక నేను ఒళ్ల పెట్టుకోని తేలేదా? రైలంత నవ్విన్రు, నవ్వనీ. ఇగో, నువ్వెందుకేడుస్తున్నవే మౌనీ? ఏడుస్తె ఏడ్వు గాని ఆయన పక్కకు పోయి ఏడ్వు. పో. అట్ల. నీ కడుపు సల్లగుండ బిడ్డా, నీ సదువు సల్లగుండ, కొండలన్ని ఎక్కు, అడివంత తిరుగు, సక్కగ పోయి సక్కగ రా. ఒక్కటే మాట. ఆడ ఎవల ఇంటి ముందలనన్న చూరు కింద నిలబడకు. తలుపు తెరిచి ఉంటె సీదా పొయ్యి కాడికి పో. ఇగ నేను గూడ ఏమనను, మీ ఇద్దర్ని కూసోమని గూడ అనను. ఆ గిన్నె ఇటియ్యి, చాయ్ పోస్త.